యూదా కథ – పరదేశుల పొలం

(మెల్‌బోర్న్ తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

 ఈ వేళ నేను మాట్లాడబోయే మనిషి పేరు వినగానే కొందరు రేడియో కట్టేస్తారేమో. ఒక్క పావుగంట ఓపిక పట్టండి. ఆయన పేరు యూదా, ఇస్కరియోతు యూదా. ముప్పై వెండి నాణాలకి యేసుక్రీస్తుని పట్టించినవాడు. ఈ కార్యక్రమం వినేవాళ్ళలో క్రైస్తవులు కానివారే ఎక్కువని నాకు తెలుసు. ఇది మతబోధ కాదు. ఒక కథని రెండువేల ఏళ్ళుగా ఎవరెవరు ఎలా అర్థం చేసుకున్నారో, ఆ అర్థాల వల్ల మామూలు మనుషులకి ఏం జరిగిందో చెప్పాలని నా తాపత్రయం.

మొదలు మా ఇంట్లోనే. మేము ఇక్కడ పడమటి శివార్లలో ఉంటాం. మా తెలుగు సంఘం వాళ్ళు ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకుని ఆదివారాలు కలుస్తారు. గుడ్ ఫ్రైడేకి పిల్లలతో నాటకం వేయించాలనుకున్నారు. పేతురు వేషానికి నలుగురు, పిలాతు వేషానికి ముగ్గురు పోటీ. యూదా వేషానికి మాత్రం ఎవరూ లేరు. చివరికి చీటీలు వేశారు. ఆ చీటీ మా పదకొండేళ్ళ వాడికి వచ్చింది. వాడు బుద్ధిగా మాటలు బట్టీ పట్టాడు. ఆ సంగతి తెనాలి దగ్గర మా ఊళ్ళో ఉన్న మా అమ్మకి ఫోన్లో చెప్పాను. ఆవిడ ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "ఒరేయ్, ఆ పేరు మనింట్లో వద్దురా. ఇంకేదైనా వేషం ఇమ్మని అడుగు" అంది. ఎందుకందో నాకు తెలుసు. అది చివర్లో చెబుతాను.

మావాడు అడిగిన ప్రశ్న వేరు. "డాడీ, ఆయన డబ్బులు తిరిగి ఇచ్చేశాడు కదా. సారీ కూడా చెప్పాడు కదా. మరి వాళ్ళెందుకు ఊరుకున్నారు?" నేను చప్పున జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి బైబిలు తీసి నాలుగు సువార్తలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. అక్కడినుంచి మొదలైంది ఈ వెతుకులాట.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషులో ఈయన్ని జుడాస్ అంటారు. యాకోబు కొడుకైన యూదాని జూడా అంటారు. కొత్త నిబంధన చివర్లో చిన్న పత్రిక రాసినాయన్ని జూడ్ అంటారు. మూడు వేర్వేరు పేర్లలా కనిపిస్తాయి. గ్రీకు మూలంలో ముగ్గురిదీ ఒకటే పేరు. మన తెలుగు బైబిలులోనూ ముగ్గురూ యూదాలే. పన్నెండుమంది శిష్యుల్లోనే యూదా అనే పేరుతో ఇద్దరున్నారని లూకా చెబుతాడు. యేసు తమ్ముళ్ళలో కూడా ఒకాయన పేరు యూదా. అంటే ఆ రోజుల్లో అది మన వెంకటేశ్వర్లు, సుబ్బారావుల్లాంటి పేరు, వీధికొకడు ఉండేవాడు. ఈ రోజు మన తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో యోహాను, పేతురు, పౌలు, యాకోబు ఎందరో. యూదా అని పేరు పెట్టుకున్నవాడిని నేనైతే ఇంతవరకూ చూడలేదు.

ఇస్కరియోతు అంటే ఏమిటన్నదీ తేలని విషయమే. కెరియోతు అనే ఊరివాడని ఎక్కువమంది పండితులు అంటారు. అది యూదయ దేశంలో దక్షిణాన ఉన్న ఊరు. అదే నిజమైతే, మిగతా శిష్యులు ఎక్కువగా ఉత్తరాదిన గలిలయవాళ్ళు కాబట్టి, వాళ్ళ మధ్య ఈయన ఒక్కడూ పరాయి యాసవాడన్నమాట. కత్తులు దాచుకుని తిరిగే తిరుగుబాటుదారుల పేరులోంచి ఆ మాట వచ్చిందని ఇంకొందరు అంటారు.

ఇక అసలు కథ. పండితులు సువార్తల్లో మార్కుది అన్నింటికంటే పాతదని, క్రీస్తు శకం 70 ప్రాంతంలో రాసిందని అంటారు. అందులో యూదా ఎందుకలా చేశాడో ఒక్క ముక్క లేదు. ఆయన వెళ్ళాడు, పెద్ద యాజకులు సంతోషించి డబ్బిస్తామన్నారు, అంతే. మత్తయి దగ్గరికి వచ్చేసరికి ఆయనే నాకేమిస్తారని బేరం అడుగుతాడు. ముప్పై నాణాల లెక్క వచ్చేది అక్కడే. పాత నిబంధనలో ఎద్దు పొడిచి దాసుడు చనిపోతే యజమానికి కట్టే పరిహారం ముప్పై తులాల వెండి. అంటే ఒక బానిస ఖరీదు. లూకాలో సాతాను ఆయనలో ప్రవేశించాడని ఉంది. చివరిదైన యోహాను సువార్తలో ఆయన మొదటినుంచీ దొంగ, సంచి తన దగ్గరుంచుకుని అందులోవి తీసుకునేవాడు. చూడండి, కథ చేతులు మారినకొద్దీ ఆ మనిషి నల్లబడుతూ వచ్చాడు. మన ఊళ్ళలో జరిగేదీ ఇదే కదండీ. ఒకడి మీద ఒకసారి మచ్చ పడితే, "వాడు చిన్నప్పటినుంచీ అంతే" అని పదేళ్ళ తర్వాత అందరికీ గుర్తొస్తుంది.

ఆయన చావు కూడా రెండు రకాలుగా ఉంది. మత్తయిలో ఆయన పశ్చాత్తాపపడి, డబ్బు దేవాలయంలో పారేసి, వెళ్ళి ప్రాణం తీసుకున్నాడు. అపొస్తలుల కార్యాల్లో మాత్రం ఆ డబ్బుతో ఆయనే ఒక పొలం కొన్నాడని, అక్కడ తలకిందులుగా పడి చనిపోయాడని ఉంది. పశ్చాత్తాపం ఊసు లేదు. రెంటినీ కలిపి సర్దిచెప్పడానికి ఎన్నో శతాబ్దాలుగా పెద్దలు కష్టపడ్డారు. నేను ఆ జోలికి పోను.

ఒక్క మాట మీద మాత్రం ఆగుతాను, అది తెలుగువాళ్ళకి బాగా తెలుస్తుంది. ఇంగ్లీషు బైబిలు యూదా చేసిన పనిని ద్రోహం అనే అర్థమొచ్చే మాటతో చెబుతుంది. గ్రీకులో వాడింది 'పరదిదోమి' అనే క్రియ. దాని అసలు అర్థం అప్పగించడం, చేతికివ్వడం. మన తెలుగు అనువాదకులు సరిగ్గా 'అప్పగించు' అనే వాడారు. చిత్రమేమిటంటే, దేవుడు తన కుమారుణ్ణి మనందరికోసం ఇచ్చాడని పౌలు రోమా పత్రికలో చెప్పినచోట కూడా గ్రీకులో అదే క్రియ, తెలుగులోనూ 'అప్పగించు' అనే మాటే. ద్రోహి అని నేరుగా చెప్పే గ్రీకు పదం యూదా విషయంలో ఒకే ఒక్కసారి, లూకా ఆరో అధ్యాయంలో వస్తుంది. దీన్ని పట్టుకునే కొందరు వాదిస్తారు: యేసు చనిపోవడం దైవ సంకల్పమైతే, ఆ సంకల్పంలో తన వంతు చేసినవాడు పాపి ఎలా అయ్యాడు? అదే సువార్తల్లో, ఆ మనిషి పుట్టకపోయి ఉంటే వాడికి మేలని యేసు అన్నట్టు కూడా ఉంది. కాబట్టి యూదాని నిర్దోషిగా విడుదల చేయడం అంత తేలిక కాదు. ఈ చిక్కుముడి ఇప్పటికీ అలాగే ఉంది.

ఈ మాట అనగానే మనకి విభీషణుడు గుర్తొస్తాడు. ఆయన అన్నని వదిలి రాముడి దగ్గరికి వెళ్ళాడు. రామభక్తులకి ఆయన శరణాగతికి నిలువుటద్దం, చిరంజీవుల్లో ఒకడు. అయినా మన ఇళ్ళలో ఇంటిగుట్టు లంకకు చేటు అనే సామెత పోలేదు. ఒకే పని, గెలిచినవాడి వైపునుంచి చూస్తే ధర్మం, ఓడినవాడి వైపునుంచి చూస్తే ద్రోహం. అయితే ఒక తేడా ఉంది. విభీషణుడికి చివర్లో లంకా రాజ్యం దక్కింది. యూదాకి దక్కిన ముప్పై నాణాలు ఎక్కువ కాలం నిలవలేదు, ఆయనే తిరిగి పారేశాడు.

తర్వాతి కాలంలో ఏం జరిగిందో త్వరగా చెబుతాను. అయిదో శతాబ్దంలో అగస్టీన్ అనే మహా పండితుడు, యూదా ప్రాణం తీసుకుని తన పాపాన్ని కడుక్కోలేదు సరికదా, ఇంకా పెంచుకున్నాడని రాశాడు. పధ్నాలుగో శతాబ్దంలో ఇటలీ కవి దాంతే తన నరక వర్ణనలో అట్టడుగున, సాతాను నోట్లో నలిగేవాడిగా యూదాని పెట్టాడు. ఐరోపా ఊళ్ళలో ఈస్టరు నాటకాల్లో యూదాకి డబ్బు సంచి చేతికిచ్చి, ఆ ఒక్కడి రూపంలో మొత్తం యూదుల జాతినే చూపించారు. పన్నెండుమందీ యూదులే, యేసూ యూదుడే అన్న సంగతి మరుగున పడింది. పండగ వారంలో యూదుల వాడల మీద పడి కొట్టిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. ఆ ద్వేషం ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కడిదాకా పోయిందో మీకు తెలుసు. యుద్ధం తర్వాత ప్రాణాలతో మిగిలినవాళ్ళు వేల సంఖ్యలో మన మెల్‌బోర్న్‌కే వచ్చారు. ఎల్‌స్టర్న్‌విక్‌లో వాళ్ళు 1984లో పెట్టుకున్న కేంద్రం ఇప్పుడు మెల్‌బోర్న్ హోలోకాస్ట్ మ్యూజియం. పిల్లల్ని ఒకసారి తీసుకెళ్ళండి. యేసు మరణానికి యూదులందర్నీ నేరస్థులుగా చూడకూడదని కేథలిక్ సభ 1965లో గానీ అధికారికంగా చెప్పలేదు. యూదా అన్న పేరు, యూదులు అన్న పేరు తెలుగులో ఒకే మూలంనుంచి వచ్చినవి కనుక, మన నాటకాల్లో మనం మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇక ఆస్ట్రేలియా సంగతి. ఈ దేశానికి యూదాతో ఇంత చుట్టరికం ఉందని నాకు ఇదివరకు తెలియదు. 1972లో సిడ్నీ కాపిటల్ థియేటర్లో 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్' సంగీత నాటకం వేశారు. అందులో యూదాగా పాడిన జాన్ ఇంగ్లిష్ ఆ ఒక్క వేషంతో దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. 2013లో అదే వేషాన్ని పెర్త్‌లో పెరిగిన టిమ్ మిన్చిన్ ఇక్కడి పెద్ద పెద్ద మైదాన వేదికల మీద వేశాడు. ఆ నాటకంలో యూదా డబ్బాశ మనిషి కాడు. తన స్నేహితుడు చేయి దాటిపోతున్నాడని, రోమన్లు అందర్నీ చంపేస్తారని భయపడిన మనిషి.

2006లో ఇంకో సంచలనం. ఈజిప్టులో దొరికిన 'యూదా సువార్త' అనే పాత కోప్టిక్ భాషా ప్రతిని నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థ ప్రచురించింది. పాపం, ఆ ప్రతి వ్యాపారుల చేతుల్లో పడి, న్యూయార్క్ దగ్గర ఒక బ్యాంకు లాకరులో పదహారేళ్ళు మగ్గి ముక్కలు ముక్కలైంది. అందులో యూదా ఒక్కడే యేసుని సరిగ్గా అర్థం చేసుకున్న శిష్యుడని మొదటి అనువాదకులు చెప్పారు. మరుసటి ఏడాదే ఏప్రిల్ డికోనిక్ అనే పండితురాలు లేచి, మీరు అనువాదం తప్పు చేశారు, ఇందులో యూదా మంచివాడు కాదు, భూతం అంది. ఒకే పుస్తకం, ఒకే మాట, ఒకరికి ఆత్మ, ఒకరికి భూతం! ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. అది యేసు కాలానికి వంద సంవత్సరాలకి పైగా తర్వాత పుట్టిన గ్రంథం. అందులోంచి అప్పటి కొందరి నమ్మకాలు తెలుస్తాయి గానీ అసలు యూదా గురించి కొత్త సమాచారం దొరకదు.

2007లో మన మెల్‌బోర్న్‌కి చెందిన బైబిలు పండితుడు, సలేషియన్ గురువు ఫ్రాన్సిస్ మొలోనీ, ఇంగ్లండు నవలాకారుడు జెఫ్రీ ఆర్చర్‌తో కలిసి యూదా కొడుకు చెప్పినట్టుగా ఒక కల్పిత సువార్త రాశారు. అందులో యూదా ప్రాణం తీసుకోడు, ఆ తర్వాత చాలా ఏళ్ళు బతుకుతాడు. నిజంగా ఇలా జరిగిందని వాళ్ళు అనలేదు. ఆ కాలపు మనిషిగా యూదాని ఊహించి చూడండి అన్నారు.

మీకు నవ్వు తెప్పించే సంగతి ఇంకొకటి. పశ్చిమ ఆస్ట్రేలియాలో కింబర్లీ ప్రాంతంలో అడవి గాడిదల బెడద ఎక్కువ. ఒక ఆడగాడిదని పట్టి, మెడకి రేడియో పట్టీ కట్టి వదులుతారు. అది ఒంటరిగా ఉండలేక తన మంద ఎక్కడుందో వెతుక్కుంటూ వెళుతుంది. వెనకే హెలికాప్టరు వెళ్ళి మందని కాల్చేస్తుంది. పట్టీ ఉన్నదాన్ని మాత్రం వదిలేస్తారు, మళ్ళీ ఇంకో మందని చూపించడానికి. దాని పేరు 'జుడాస్ గాడిద'. అడవి మేకలకీ ఇదే పద్ధతి. ఆ మూగజీవి ఎవరినీ అమ్మలేదు. తోడు కావాలనుకుంది, అంతే. అయినా పేరు మాత్రం ద్రోహి పేరే పెట్టాం.

ఇప్పుడు మా అమ్మ మాటకి వస్తాను.

మా చిన్నాన్న కొడుకు ఉండేవాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద, నన్ను "తమ్ముడూ" అని పిలిచేవాడు. నేను 2001లో ఈ దేశం వచ్చాను. ఆయన ఊళ్ళోనే మిరప వేసేవాడు. రెండేళ్ళు వరసగా దెబ్బతింది. చుట్టాల దగ్గర తెచ్చిన డబ్బు తీర్చలేకపోయాడు, మాట పోయింది. 2004లో ఒక ఆదివారం నాకు ఫోన్ చేశాడు. అప్పుడే మేము ఇక్కడ ఇల్లు కొన్నాం. ఆయన డబ్బు అని నోరు తెరిచి అడగలేదు. "ఏం చేయాలో తోచడం లేదు తమ్ముడూ" అన్నాడు. నేను నా లోను కథంతా చెప్పి, "ఏదో ఒకటి నువ్వే చూసుకో అన్నా" అన్నాను. ఎనిమిది రోజులకి ఆయన లేడని కబురు వచ్చింది.

ఊళ్ళో అయ్యగారు సమాధి దగ్గర ప్రార్థన చేయనన్నారు. ప్రాణం తీసుకున్నవాడు యూదా దారిలో పోయినవాడని అందరి ముందూ అన్నారు. సంఘం సమాధుల దొడ్డిలో చోటివ్వలేదు. పొద్దుగూకిన తర్వాత కాలవ గట్టు పక్కన, కంచెకి అవతల పాతిపెట్టారు. మా పిన్ని చాలా ఏళ్ళు గుడికి వెళ్ళలేదు. మా అమ్మకి ఆ పేరంటే ఎందుకు గిట్టదో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

మావాడి ప్రశ్న కోసం మత్తయి చదివిన రాత్రి నాకు ఒకచోట కళ్ళు ఆగిపోయాయి. యూదా డబ్బు తీసుకుని తిరిగి యాజకుల దగ్గరికే వెళ్ళాడు. తప్పు చేశానని ఒప్పుకున్నాడు. వాళ్ళేమన్నారు? దాంతో మాకేం పని, నువ్వే చూసుకో అన్నారు. నేను అన్నతో అన్న మాట! ఇరవై ఏళ్ళుగా ఆ అయ్యగారి మీద కోపం పెట్టుకున్నాను. ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నానని ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు.

అదే రాత్రి పేతురు కూడా యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకాడు. బయటికి వెళ్ళి ఏడ్చాడు. అయినా మూడో రోజుకి ఆయన మిగతా శిష్యులతోనే ఉన్నాడు. ఇద్దరి తప్పూ ఒకే బరువని నేను అనను. పేతురికి పోయి కూర్చోవడానికి తనవాళ్ళున్నారు. యూదా వెళ్ళిన తలుపు మూసుకుంది. మావాడికి నేను చెప్పిన జవాబు ఇదే: "ఆయన సారీ చెప్పాడు నాన్నా, వినాల్సినవాళ్ళు వినలేదు."

ఆ యాజకులు ఆ డబ్బుని ఏం చేశారో కూడా చూడండి. రక్తపు సొమ్ము కనుక కానుకల పెట్టెలో వేయకూడదన్నారు. దాంతో కుమ్మరివాని పొలం కొన్నారు. దేనికి? పరదేశులు చనిపోతే పాతిపెట్టడానికి. యూదా సొమ్ముతో కొన్న నేల ఊరుగానివాళ్ళకి చివరి చోటయింది. దేశంగాని దేశంలో ఉన్న మనం ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. సాటి మనిషికి ఆరడుగుల నేల ఇవ్వని మా ఊరి కంచె కంటే ఆ పొలమే నయమనిపించింది నాకు.

పెద్ద సంఘాలు కొంత మారాయి. ప్రాణం తీసుకున్నవారికి భూస్థాపన ఆరాధన నిరాకరించే పాత నియమం కేథలిక్కుల 1983 నాటి చట్టంలో లేదు. అలా పోయినవారి రక్షణ గురించి ఆశ వదులుకోవద్దని 1992 నాటి వారి బోధన గ్రంథం చెబుతుంది. ఫ్రాన్సులో వెజ్లే అనే ఊరి గుడిలో పన్నెండో శతాబ్దపు స్తంభం ఒకటుంది. ఒక పక్క ఉరికి వేలాడే యూదా, ఇంకో పక్క ఆయన్ని భుజాన వేసుకుని మోస్తున్న మనిషి. ఆ మోసేది మంచి కాపరే అని పోప్ ఫ్రాన్సిస్ చాలాసార్లు చెప్పేవారు. ఎవరో మోసే కూలివాడని అనే పండితులూ ఉన్నారు. నేను మాత్రం కాపరి అనే నమ్ముతాను.

ఈ దేశంలో జరిగిన ఒక సంగతి చెప్పి ముగిస్తాను. 1960లలో సిడ్నీలో ఆలన్ వాకర్ అనే మెథడిస్టు పాస్టరుకి ఒక రాత్రి ఒకతను ఫోన్ చేశాడు, బాధల్లో ఉన్నానని. మాట్లాడారు, కలుద్దామనుకున్నారు. కలవకముందే అతను ప్రాణం తీసుకున్నాడు. ఆ పాస్టరు, పాపి అని ప్రసంగం చేయలేదు. ఏ వేళ చేసినా ఫోను ఎత్తే మనిషి ఉండాలని 1963లో లైఫ్‌లైన్ మొదలుపెట్టాడు. దాని నంబరు 13 11 14. రాత్రీ పగలూ ఎత్తుతారు. ఇంగ్లీషు కష్టమైతే 131 450కి చేసి తెలుగు దుబాసీని అడగండి, వాళ్ళు కలుపుతారు. కాగితం మీద రాసుకుని ఫ్రిజ్ మీద అంటించండి. మీకు అవసరం లేకపోవచ్చు, మీ ఇంటికి వచ్చినవాళ్ళకి ఉండొచ్చు.

మావాడు ఆ వేషం వేశాడు. నాటకంలో ఒక చిన్న మార్పు పెట్టమని నేను పెద్దల్ని అడిగాను, ఒప్పుకున్నారు. యూదా నాణాలు పారేసి వెళ్ళిపోయాక, వేదిక మీద అర నిమిషం ఎవరూ మాట్లాడలేదు. హాల్లోనూ ఎవరూ కదల్లేదు. మా అమ్మకి ఆ వీడియో పంపాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "బాగా వేశాడురా" అంది. కాసేపాగి, "ఈసారి నువ్వు వచ్చినప్పుడు కాలవ గట్టు దగ్గరికి వెళదాం, అక్కడ ఒక రాయి వేయిద్దాం" అంది. డిసెంబరులో వెళుతున్నాం.

ఎవరైనా ఫోన్ చేసి "ఏం తోచడం లేదు" అంటే, పనిలో ఉన్నా సరే, ఒక్క పది నిమిషాలు కూర్చోండి.